‘మాబ్’: ఒక పొట్టి మాట, ఎన్నో పుట్టుకలు

ఇంగ్లిష్‌లో ‘మాబ్’ (mob) కనిపించగానే ‘మూక’ అని రాసేయడం మన అనువాదాల్లో అలవాటైపోయింది. చాలాచోట్ల సరిపోతుంది. సరిపోని చోట మాత్రం అర్థమే తలకిందులవుతుంది. అందుకే ఈ మాట వెనక చరిత్ర తెలియాలి.

మూలం లాటిన్‌లోని ‘మొబిలె వల్గస్’, అంటే నిలకడలేని జనం. 1679–81 మధ్య, రాజు తమ్ముడు, కాథలిక్ అయిన జేమ్స్‌కు ఇంగ్లండ్ సింహాసనం దక్కకూడదని పెద్ద పోరే నడిచింది. ఆ పక్షంవాళ్లు గ్రీన్ రిబ్బన్ క్లబ్ పేరుతో లండన్ చాన్సరీ లేన్ మొగలోని ఒక టావర్న్‌లో (మద్యశాలలో) కలిసేవారు, వీధుల్లో జనంతో పోప్ దిష్టిబొమ్మలు తగలబెట్టించేవారు. ఈ జనాన్నే మొదట ‘మొబిలె వల్గస్’ అన్నారనీ, అది ఒక్క పలుకుకు కుదించుకుపోయిందనీ ప్రత్యర్థి పక్షపు న్యాయవాది రోజర్ నార్త్ రాశాడు. ఆయన రాత అచ్చయింది 1740లో, ఆయన పోయాక. ఈ కుదింపులో ‘జనం’ అన్న భాగం పూర్తిగా రాలిపోయింది. ‘నిలకడలేని’ అన్న నిందలో ముక్క మాత్రం మిగిలింది.

రచయిత జొనాథన్ స్విఫ్ట్‌కు ఇలాంటి కత్తిరింపులంటే ఒళ్లుమంట. ‘మాబ్’ను ఆపడానికి కొన్నేళ్లు శాయశక్తులా ప్రయత్నించి ఓడిపోయానని 1710లో ‘టాట్లర్’ పత్రికలో వాపోయాడు. మరుసటి ఏడు మరో రచయిత అడిసన్ ‘స్పెక్టేటర్’ పత్రికలో అదే ఫిర్యాదు చేశాడు. ఇద్దరి మాటా నెగ్గలేదు.

చట్టం మాత్రం ఈ మాట జోలికి పోకుండా తలలు లెక్కపెట్టింది. 1715లో అమల్లోకి వచ్చిన బ్రిటిష్ అల్లర్ల చట్టం ప్రకారం 12 మందో అంతకు మించో అల్లరిగా గుమిగూడితే అధికారి ప్రకటన చదవాల్సి ఉండేది, గంటలో చెదిరిపోకపోతే మరణశిక్షే. మన దగ్గర 2018 జులై 17న సుప్రీంకోర్టు మూకస్వామ్యాన్ని సహించబోమంటూ ప్రతి జిల్లాకూ ఎస్పీ స్థాయికి తగ్గని నోడల్ అధికారిని నియమించమంది. 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహిత 103(2) సెక్షన్‌లో మాత్రం ‘మాబ్’ లేదు. కులం, సముదాయం, భాష, పుట్టినచోటు లాంటి కారణాలతో ‘అయిదుగురు లేదా అంతకు మించి’ కూడబలుక్కుని చేసిన హత్య అనే ఉంది. ఇదే సరైన పద్ధతి. నిందను కోర్టులో రుజువు చేయలేం, సంఖ్యను చేయగలం.

ఆస్ట్రేలియాలో ఈ మాటలోని నింద చాలావరకు కరిగిపోయింది. అక్కడ గొర్రెల మంద, కంగారూల గుంపు కూడా మాబే. ఆదివాసులు ‘మా మాబ్’ అంటే మావాళ్లు, మా జాతివాళ్లు అని. దాన్ని ‘మా మూక’ అని తెలుగు చేస్తే ఆ మనుషుల్ని అవమానించినట్టే. ముందే అనుకుని జనం ఉన్నట్టుండి ఒకచోట చేరి చెదిరిపోయే సరదా, 2003లో న్యూయార్క్‌లో మొదలైన ‘ఫ్లాష్ మాబ్’ పేరు కూడా కొత్తదేం కాదు. 19వ శతాబ్దంలో టాస్మానియాలోని హోబార్ట్ మహిళా ఖైదీల్లో ఒక ముఠాను అలాగే పిలిచేవారు. ఇక 18వ శతాబ్దపు ఆడవాళ్ల కుచ్చుటోపీ ‘మాబ్ క్యాప్’కు ఈ లాటిన్‌తో చుట్టరికం లేదు. అది ‘మ్యాబ్’ అనే మరో పాతమాట నుంచి వచ్చిందంటారు.

కంప్యూటర్ ఆటల్లోని మాబ్ విడిగా పుట్టింది. 1978లో ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో మొదలైన ‘మడ్’ ఆటలో తనంతట తాను కదిలే ప్రాణిని ‘మొబైల్’ అన్నారు, అదే పొట్టిదై మాబ్ అయింది. అందుకే మైన్‌క్రాఫ్ట్‌లో ఒంటరి ఆవు కూడా మాబే. అక్కడ గుంపుతో పనిలేదు. కమొడోర్ 64 కంప్యూటర్ చిప్ పత్రాల్లో తెరమీద కదిలే బొమ్మలకు రాసిన ‘ఎం.ఓ.బి.’ మరొకటి, అది మూడు మాటల పొడి అక్షరాలు.

పడవల జీపీఎస్ మీద కనిపించే అవే మూడక్షరాలకు ‘మనిషి నీళ్లలో పడ్డాడు’ అని అర్థం. ఆ బటన్ నొక్కితే, పడవ ఆ క్షణంలో ఉన్న చోట జీపీఎస్ గుర్తు పెడుతుంది, వెనక్కి దారి చూపిస్తుంది. అయితే గుర్తు కదలదు, మనిషి ప్రవాహంతో కొట్టుకుపోతూనే ఉంటాడు. అందుకే బటన్ నొక్కినా, ఒకరు పడినవాడి మీంచి చూపు తిప్పకుండా చేత్తో చూపిస్తూనే ఉండాలి.