‘నోరు విప్పితే రెండేళ్ల జైలంట’: ఆస్ట్రేలియా శరణార్థుల వార్తలపై అపోహలు - వాస్తవాలు

మెల్‌బోర్న్‌లో కమ్యూనిటీ రేడియోకి వార్తలు తయారుచేస్తుంటాను. పడవల్లో వచ్చి శరణు కోరినవాళ్ల గురించి ప్రోగ్రాం చేసిన ప్రతిసారీ మర్నాడు మనవాళ్ల నుంచి ఒకటే మెసేజ్: “జాగ్రత్తండీ, ఆ విషయాలు మాట్లాడితే రెండేళ్లు లోపలేస్తారంట.” పోయిన నెల మళ్లీ వచ్చింది. ఇక రాయక తప్పదనిపించింది.

అపోహ: పడవల్లో వచ్చినవాళ్లను ఉంచే క్యాంపుల గురించి నోరు విప్పితే జైలే.

ఇది ఊరికే పుట్టిన మాట కాదు. 2015 జులై 1న అమల్లోకి వచ్చిన ఆస్ట్రేలియన్ బోర్డర్ ఫోర్స్ చట్టం 42వ సెక్షన్‌లో నిజంగానే ఉండేది. ఇమిగ్రేషన్ శాఖకు పనిచేసేవాళ్లు, కాంట్రాక్టు మీద వెళ్లిన నర్సులూ టీచర్లతో సహా, పనిలో తెలిసిన విషయం బయటపెడితే రెండేళ్ల దాకా శిక్ష. కానీ క్యాంపులో ఉన్నవాళ్లు తమ గోడు చెప్పుకోవడాన్ని ఆ సెక్షన్ ఆపలేదు. ఒకరి ప్రాణానికో ఆరోగ్యానికో పెద్ద ముప్పు ఉంటే, అది తప్పించడానికి చెప్పొచ్చని అదే చట్టంలో మొదటినుంచీ ఉంది. అమల్లోకి వచ్చిన రోజే 40 మందికి పైగా డాక్టర్లు, టీచర్లు, ఇతర సిబ్బంది పేర్లతో సహా బహిరంగ లేఖ రాశారు, మేం మాట్లాడతాం, కావాలంటే కేసు పెట్టుకోండి అని. డాక్టర్లు ఆస్ట్రేలియా అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టుకెక్కారు. 2016లో ఆరోగ్య సిబ్బందికి మినహాయింపు వచ్చింది. 2017లో చట్టాన్నే సవరించి, దేశ భద్రతలాంటి వాటికి హాని చేసే సమాచారం వరకే కుదించారు. అదీ 2015 జులై నుంచే వర్తించేలా.

చట్టం మారి ఇన్నేళ్లయినా, ఆ భయం ఇళ్లలో అలాగే కూర్చుని ఉంది. గుంటూరు నుంచి వచ్చిన ఒక నర్సమ్మాయి నాకు తెలుసు. ఒక దీవి క్యాంపులో కొన్ని నెలలు పనిచేసింది. ఏ దీవో, ఏ కంపెనీయో రాయను. వాళ్లింటికి వెళ్తే ముందు తన ఫోనూ నా ఫోనూ తీసుకెళ్లి బెడ్‌రూంలో పెట్టి తలుపేసి వచ్చింది. వంటింట్లో మేమిద్దరమే ఉన్నాం, మాట్లాడేది తెలుగు, అయినా గొంతు తగ్గించే మాట్లాడింది. “క్యాంపులో ఉన్నవాళ్లని పేరు పెట్టి కాదు, పడవ నంబరుతో పిలిచేవాళ్లు అక్కా. ఒక పాపని నీ పేరేంటమ్మా అని అడిగితే నంబరు చెప్పింది.” ఆ మాట అనేసి, అంతలోనే “ఇది ఎక్కడా చెప్పకండి, మా ఆయనకి కూడా చెప్పలేదు” అంది. రాత్రుళ్లు నిద్రపట్టక మాత్రలు వేసుకుంటోంది. ఎప్పుడో కుదించేసిన చట్టానికి భయపడి, కట్టుకున్నవాడికి కూడా చెప్పుకోలేక లోపల్లోపల కుమిలిపోతోంది. ఈ పుకారును ఆలోచించకుండా ఫార్వర్డ్ చేసేవాళ్ల మీద నాకు కోపం అందుకే.

ఒక్క జాగ్రత్త. కాంట్రాక్టులో గోప్యత షరతు ఉంటే అది వేరే సంగతి. ఆ కాగితం లాయరుకు చూపించి మాట్లాడండి. రేడియోవాళ్లం మేం ఆగుతాం.

మరి ప్రభుత్వం మీడియాను కట్టడి చేయలేదా? చేసింది. రాయొద్దని కాదు, అసలు అక్కడిదాకా పోనివ్వకుండా. ఆస్ట్రేలియా క్యాంపు ఒకటి ఉన్న పసిఫిక్ దీవి నౌరు. అక్కడికి వెళ్లే విలేకరి వీసా ఫీజు 200 డాలర్లు ఉండేది. 2014 జనవరిలో అది 8,000 అయింది, వీసా ఇవ్వకపోయినా డబ్బు వెనక్కి వచ్చేది కాదు. నౌరు వేరే దేశం కదా, దాని ఇష్టం అంటారు కొందరు. క్యాంపు ఖర్చు భరించింది ఆస్ట్రేలియా, మనుషుల్ని పంపింది ఆస్ట్రేలియా. దేశం లోపలి డిటెన్షన్ సెంటర్లకు వెళ్లాలన్నా, 2011లో వచ్చిన నిబంధన ప్రకారం విలేకరులు ఒప్పందం మీద సంతకం పెట్టాల్సి వచ్చేది, తీసిన వీడియో అధికారులకు చూపించాల్సి వచ్చేది. 2013 సెప్టెంబర్‌లో పడవల్ని ఆపడానికి ఆపరేషన్ సావరిన్ బోర్డర్స్ మొదలయ్యాక, అప్పటి ఇమిగ్రేషన్ మంత్రి స్కాట్ మారిసన్ ప్రెస్‌మీట్‌లో ఏ పడవ గురించి అడిగినా సముద్రం మీది వ్యవహారాలు మాట్లాడం అనేవారు. 2014 జనవరికల్లా వారం వారం పెట్టే ఆ ప్రెస్‌మీట్ కూడా పోయింది. ఇంత చేసినా 2016 ఆగస్టులో గార్డియన్ పత్రిక నౌరు క్యాంపులో సిబ్బంది రాసుకున్న 2,000కు పైగా రిపోర్టులు బయటపెట్టింది. వాటిలో సగానికి పైగా పిల్లలకు సంబంధించినవే.

అపోహ: పడవల్లో వచ్చినవాళ్లు తమ పిల్లల్ని సముద్రంలోకి విసిరేశారు, ఫొటోలున్నాయి.

ఇంకా వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది, ఖండించీ ఖండించీ విసుగొచ్చింది. 2001 అక్టోబర్ నాటి మాట ఇది, ఎన్నికల ముందు. ఆ ఫొటోలు పడవ మునుగుతుంటే నావికులు జనాన్ని కాపాడుతున్నప్పటివి. ఎవరూ ఏ పిల్లనీ విసరలేదని సెనేట్ విచారణ 2002లో తేల్చింది. అదే విచారణలో ఒక రక్షణ శాఖ అధికారి, శరణార్థులను మనుషులుగా చూపించే ఫొటోలు బయటికి ఇవ్వొద్దని తమకు సూచన వచ్చిందని చెప్పారు. ఆ ముక్క చదివినప్పుడు నేను కాసేపు కాగితం పక్కన పెట్టేశాను.

అపోహ: వాళ్లంతా ఇల్లీగల్స్. శరణు అడగడం నేరం కాదు. ‘ఇల్లీగల్’ అనే మాట వాడమని శాఖకు 2013 అక్టోబర్‌లో చెప్పింది ఆ మారిసన్ మంత్రిగారే.

అపోహ: టీవీలో కనిపిస్తే వీసా వచ్చేస్తుంది. క్వీన్స్‌లాండ్‌లోని బిలొవీలా అనే ఊళ్లో ఉండే తమిళ కుటుంబాన్ని చూపిస్తారు అందరూ. 2018లో పట్టుకెళ్లిన వాళ్లు 2022లో గానీ ఇంటికి రాలేదు. ఆ నాలుగేళ్లూ ఆ ఊరు ఊరంతా వాళ్ల వెంట నిలబడింది. శరణు కేసు బలపడటం కోసమే ఇక్కడికొచ్చాక చేసిన పనిని లెక్కలోకి తీసుకోరు. పైగా ముఖం బయటపడితే స్వదేశంలో అమ్మ ఇంటి తలుపు తట్టేవాళ్లుంటారు. కోర్టులు కూడా తీర్పుల్లో మీ పేరు వేయవు, మీరే తొందరపడి ఎందుకు వేసుకోవడం? మాట్లాడండి, కానీ లాయరును అడిగాక, కావాలంటే పేరు లేకుండా, గొంతు మార్చి.

నర్సమ్మాయికి 2017 సవరణ ప్రింటు తీసిచ్చాను, సంబంధించిన వరుసల కింద పెన్సిల్‌తో గీత గీసి. లాయరు నంబరు కూడా రాశాను. మడిచి పోపుడబ్బా కింద పెట్టింది. నాలుగు రోజుల తర్వాత ఫోన్ చేసింది. వాళ్లాయనకు చెప్పిందట. “అక్కా, ఆ పాప తర్వాత పేరు చెప్పింది. ఇన్నాళ్లూ గుర్తురాలేదు, రాత్రి ఆయనకి చెబుతుంటే గుర్తొచ్చింది.”

ఆ పేరు నాకు చెప్పింది. రేడియోలో మాత్రం వద్దంది.