నిమ్మ ఉప్పుది పీత పట్టు

మొన్న పాలకొల్లు నుంచి మా పిన్ని ఫోన్ చేసింది. "జామ్ సీసా మీద 330 అని ఉంటే అది క్యాన్సర్ తెస్తుందంటరా? మనవడికి రోజూ అదే రాసి పెడుతున్నాను. నాకు ఒకటే టెన్షన్‌గా ఉంది" అంది. ఎవరో ఆమెకు మెసేజ్ పంపారు.

ఆహారంలో కలిపే పదార్థాలకు ఇచ్చే సంఖ్యల్లో 330 అంటే సిట్రిక్ ఆమ్లం. కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు అని అడిగితే పొట్లం కట్టి ఇచ్చే తెల్లటి పలుకులు అవే. పిన్ని పాలు విరగ్గొట్టడానికి వాడేది కూడా అదే.

ఈ పుకారు పుట్టింది ఇక్కడ కాదు. 1976లో ఫ్రాన్స్‌లో ఒక కరపత్రం చేతులు మారుతూ తిరిగింది. పేరున్న క్యాన్సర్ ఆసుపత్రి చెప్పినట్టుగా రాసి, 330ని అన్నిటికన్నా ప్రమాదకరం అంది. ఆ కరపత్రంతో తమకు సంబంధం లేదని ఆసుపత్రి ఖండించినా అది ఆగలేదు. ఇంత అమాయకమైన ఆమ్లం మీద ఆ నింద ఎందుకు పడిందో వెతికినవాళ్లకు దొరికిన కారణం ఒక పేరు. మన కణాల్లో ఆహారం నుంచి శక్తి తీసే ప్రక్రియలో సిట్రిక్ ఆమ్లం ఒక మెట్టు. చక్రంలా తిరిగే ఆ ప్రక్రియను 1937లో వివరించిన శాస్త్రవేత్త హాన్స్ క్రెబ్స్‌కు 1953లో నోబెల్ వచ్చింది, దానికి క్రెబ్స్ చక్రం అనే పేరూ వచ్చింది. జర్మన్‌లో 'క్రెబ్స్' అంటే పీత, క్యాన్సర్ కూడా. లాటిన్‌లో 'క్యాన్సర్' అన్నా పీతే, మన కర్కాటక రాశి గుర్తూ పీతే. క్రెబ్స్ చక్రం కాస్తా క్యాన్సర్ చక్రమైపోయింది.

నన్ను అబ్బురపరిచేది ఏమిటంటే, సిట్రిక్ ఆమ్లంలో నిజంగానే ఒక పీత ఉంది! లోహాలను అది పట్టుకునే తీరును కీలేషన్ అంటారు. పీతకుండే పట్టకారు లాంటి కాలికి గ్రీకులో ఉన్న మాట నుంచి 1920లో ఆ పేరు పెట్టారు. కాలవ గట్టున బొరియలో చెయ్యి పెట్టి వేలు చిక్కించుకున్న వాళ్లకు ఆ పట్టు ఎలాంటిదో తెలుసు. రెండు వైపుల నుంచీ నొక్కుతుంది. వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లానికి కార్బాక్సిల్ సమూహం ఒక్కటే, అంటే ఒంటి చెయ్యి, జారిపోతుంది. చింతపండులోని టార్టారిక్ ఆమ్లానికి అవి రెండు. సిట్రిక్‌కు మూడు, పైగా మధ్య కార్బన్ మీద హైడ్రాక్సిల్ అనే ఇంకో చెయ్యి. ఇనుమో రాగో కాల్షియమో అయాను (విద్యుదావేశం ఉన్న పరమాణువు) రూపంలో దొరికిందా, వీటిలో రెండు మూడు ఒకేసారి దాని చుట్టూ మూసుకుంటాయి. ఒకటి జారినా మిగతావి వదలవు. జారింది మళ్లీ వచ్చి పట్టుకుంటుంది.

రావులపాలెం అరటికాయ తరిగి అలా వదిలేస్తే ముక్కలు నల్లబడతాయి. ఆ పని చేసే పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము గుండెలో రాగి పరమాణువులు ఉంటాయి. అందుకే మన ఇళ్లలో ముక్కలు మజ్జిగ నీళ్లలో వేస్తారు, పులుపుకు ఆ ఎంజైము మందగిస్తుంది. నిమ్మ ఉప్పు నీళ్లయితే పులుపుతో పాటు రాగి మీద పట్టు కూడా పడుతుంది. కొట్టిన కొబ్బరి బొండం నీళ్లు కాసేపటికి గులాబీ రంగుకు తిరగడంలోనూ ఇలాంటి ఎంజైములదే చెయ్యి. నూనె కనరు వాసన వేయడాన్ని తొందరపెట్టేది అందులో చేరిన ఇనుము, రాగి లేశాలు. చిటికెడు సిట్రిక్ ఆమ్లం వాటిని పట్టి కూర్చోబెడుతుంది.

రక్తదాన శిబిరంలో సంచిలోకి దిగిన రక్తం గడ్డకట్టకపోవడానికి కారణం కూడా ఈ పట్టే. గడ్డకట్టడానికి కాల్షియం కావాలి, సంచిలోని సిట్రేట్ దాన్ని పట్టేసుకుంటుంది. కాల్షియంతో కట్టే కొన్ని రకాల కిడ్నీ రాళ్లకు డాక్టర్లు పొటాషియం సిట్రేట్ ఇవ్వడంలోనూ ఇదే సూత్రం ఉంది.

ఇప్పుడు మార్కెట్లో దొరికే ఆమ్లం నిమ్మకాయల్లోంచి రాదు. 1784లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త షీలే నిమ్మరసం నుంచి తీశాడు గానీ, 1917లో అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ కర్రీ ఒక నల్ల బూజు చేత చక్కెర నుంచి చేయించాడు. ఆస్పర్‌జిల్లస్ నైగర్ దాని పేరు. మాంగనీసు అందకుండా కరువు పెడితే అది సిట్రిక్ ఆమ్లాన్ని విపరీతంగా బయటికి వదులుతుంది. బూజు తింటున్నామా అని అడగకండి. బూజును వడగట్టి, ఆమ్లాన్ని శుద్ధి చేసి, పలుకులు కట్టిస్తారు. ఆ అణువుకీ నిమ్మకాయలోని అణువుకీ తేడా లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ)ల ఉమ్మడి నిపుణుల సంఘం దీనికి రోజుకింత అని హద్దే పెట్టలేదు.

ఆమ్లం అంటే ముట్టుకోకూడని సీసా అని బడిలో మొదలుపెడతాం. నిమ్మకాయ, చింతపండు, మజ్జిగ బల్ల మీద పెట్టి మొదలుపెడితే పిన్ని లాంటివాళ్లకు ఈ భయం ఉండేది కాదు.

జాగ్రత్తలు వేరే ఉన్నాయి. పంటి ఎనామిల్ కాల్షియంతో కట్టినది. పుల్లటి మిఠాయి గంటల తరబడి చప్పరిస్తే పులుపు దాన్ని కరిగిస్తుంది, పట్టు దాన్ని లాగుతుంది. తిన్నాక నీళ్లు పుక్కిలించాలి, వెంటనే బ్రష్ చెయ్యకూడదు. పొడి కంట్లో పడితే మంట భరించలేం, వెంటనే ధారగా నీళ్లతో కడగాలి.

పిన్నికి చివరగా చెప్పింది ఇత్తడి గిన్నె సంగతి. "నిమ్మకాయ పులిహోర కలిపేది ఆ పాత ఇత్తడి బేసిన్‌లోనేనా? కళాయి పోయి ఎన్నాళ్లయింది?" అన్నాను. కళాయి లేని ఇత్తడిలో పులుపు నిలవుంటే రాగిని కరిగించి పట్టుకుని అన్నంలోకి తెస్తుంది. వాంతులు అవుతాయి. జామ్ సీసా పక్కన పెట్టి, పిన్ని ఆ బేసిన్ తీసి చూసింది. అడుగున తగరం తెలుపు ఎక్కడా లేదట.