సిరిలిక్ లిపి సిరిల్ చేసింది కాదు

ఎంబీబీఎస్‌కి రష్యా వెళ్లే పిల్లలకు భాష నేర్పుతుంటాను. కొత్త బ్యాచ్ వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు అంటారు: "సార్, రష్యన్ రాసే ఈ సిరిలిక్ లిపిలోని 33 అక్షరాలూ సిరిల్ అనే ఫాదర్ ఒక్కడే కూర్చుని కనిపెట్టాడట కదా!" యూట్యూబ్‌లో చూశామంటారు.

కాదు బాబూ. 863 ప్రాంతంలో మొరావియా (ఇప్పటి చెక్, స్లోవాకియా వైపు) వెళ్లేముందు స్లావుల భాష కోసం ఆయన చేసింది గ్లగోలితిక్ అనే వేరే లిపి. గుండ్రాలు, కొక్కేలు, మొదటి అక్షరం అచ్చం శిలువ. అసలు అప్పటికి ఆయన పేరు కాన్‌స్టంటైన్. సిరిల్ అన్నది రోమ్‌లో సన్యాసం పుచ్చుకున్నప్పటి పేరు. ఆ తర్వాత రెండు నెలలైనా బతకలేదు, 869 ఫిబ్రవరి 14న పోయాడు. 885లో అన్న మెథోడియస్ కూడా పోయాక శిష్యులను మొరావియా నుంచి తరిమేశారు. బల్గేరియా రాజు బోరిస్ చేరదీశాడు. గ్రీకు పెద్దక్షరాలు తీసుకుని, గ్రీకులో లేని ధ్వనులకు గ్లగోలితిక్ సాయం పట్టి, సిరిలిక్‌ను తయారుచేసింది అక్కడే. పేరు మాత్రం గురువుది.

ఎవరు చేస్తే ఏంటి అంటారా? ఒకడు ఊహించి గీసిన గుర్తులనుకుంటే ప్రతిదీ బట్టీ పట్టాలి, అక్కడే టెన్షన్. ఒకమ్మాయి వారం రోజులు ఒక్కో అక్షరం వందసార్లు రాసి, నోట్‌బుక్ నా ముందు పడేసి ఏడ్చేసింది. "ఫిజిక్స్‌లో పెద్ద గామా, పై, ఫై రాస్తావా?" అన్నాను. రాసింది. "ఇవే రష్యన్‌లో గ, ప, ఫ." ముక్కు తుడుచుకుని నవ్వింది. అడ్డగీత మీద మూడు నిలువుగీతలుండే 'ష' మాత్రం గ్రీకులో లేదు, గ్లగోలితిక్ నుంచి వచ్చింది. అదొక్కటీ ఇంకోసారి రాయించాను.

మిగతా అపోహలు చిన్నవి. ఈ అన్నదమ్ములు పిలవకుండా వెళ్లలేదు. మా భాషలో బోధించేవాళ్లను పంపండని మొరావియా పాలకుడు రాస్టిస్లావే బైజాంటియం (తూర్పు రోమన్ సామ్రాజ్యం) చక్రవర్తిని అడిగాడు. అక్కడ క్రైస్తవం వాళ్లతో మొదలవలేదు, ఫ్రాంకుల పాదిరీలు ముందే ఉన్నారు. వీళ్లు పుట్టింది కూడా రష్యాలో కాదు, థెస్సలొనీకలో. బైబిల్లో పౌలు పత్రికలు రాసింది ఆ ఊరివాళ్లకే. ఇక రష్యాకు మతం తెచ్చింది వీళ్లేనన్న మాటా? కీవ్ రాజు వ్లాదిమిర్ బాప్తిస్మం 988లో. అప్పటికి సిరిల్ పోయి 119 ఏళ్లు.