పైకప్పు కింద ఎర్రమట్టి

పిల్లలూ,

టెన్నిస్ మ్యాచ్ అయ్యాక ఎవరు గెలిచారని మాత్రమే అడుగుతున్నారు. ఆట చూడటం ఎలాగో మీతో చెప్పాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఏప్రిల్‌లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో జరిగే ఆడవాళ్ల టోర్నీ చూడండి. 1978లో పక్కనే ఉన్న ఫిల్డర్‌స్టాట్‌లో మొదలైంది. తొలి విజేత ట్రేసీ ఆస్టిన్‌కు అప్పుడు 15 ఏళ్లే! వరసగా నాలుగుసార్లు గెలిచింది. 2006లో టోర్నీ స్టుట్‌గార్ట్‌కు మారింది, 2009 నుంచి ఎర్రమట్టి కోర్టు మీద, అదీ ఇండోర్ స్టేడియంలో ఆడుతున్నారు. ఈ రెండూ ఒకచోట కలవడం చాలా అరుదు.

ఆ ఎర్రమట్టి నిజానికి ఇటుక పొడి. దాని మీద పడ్డ బంతి వేగం తగ్గి, ఎత్తుగా లేస్తుంది. దాంతో ఓపికగా తిప్పికొట్టేవాళ్లకు టైమ్ దొరుకుతుంది. కప్పు ఉంటే గాలి వీయదు, కళ్లలో ఎండ పడదు. సర్వ్ కోసం ఎగరేసిన బంతి పక్కకు పోదు. అది గట్టిగా కొట్టేవాళ్లకు కలిసొస్తుంది. అందుకే ఇక్కడ ఇద్దరికీ అవకాశం ఉంటుంది. 2022, 2023లో బంతికి బాగా స్పిన్ ఇచ్చే ఇగా స్వియాటెక్ గెలిస్తే, 2025లో ప్రతి బంతినీ బాదే యెలెనా ఒస్టాపెంకో గెలిచింది. ఆ మూడు ఫైనల్స్‌లోనూ, 2021 ఫైనల్‌లోనూ ఓడింది అరీనా సబలెంకే. ఆమెను తలుచుకుంటే నాకు మనసు చివుక్కుమంటుంది.

2025లో ఆమె మ్యాచ్‌లోనే ఒక గొడవ జరిగింది. ఎదురు ప్లేయర్ ఎలీస్ మెర్టెన్స్ కొట్టిన బంతి గీతకు లోపలే పడిందని, బంతి ఎక్కడ పడిందో చూసే మిషన్ చెప్పింది. మట్టి మీద గుర్తు మాత్రం గీతకు అవతల ఉందని సబలెంక వాదించింది. నిర్ణయం మారకపోతే ఫోన్ తెచ్చి ఆ గుర్తును ఫోటో తీసింది! అంపైర్ హెచ్చరించారు. ఆమె కోపం నాకు అర్థమవుతుంది, కళ్లముందున్న గుర్తును కాదంటే ఎవరికైనా మండుతుంది. కానీ పొడి ఒకచోట మందంగా, ఒకచోట పల్చగా ఉంటుంది, తడి కూడా అంతటా ఒకేలా ఉండదు. కాబట్టి గుర్తు కూడా మోసం చేయగలదు. నేను మిషన్ వైపే.

ఈసారి మొదటి రెండు గేములు బంతిని వదిలేసి కాళ్లు చూడండి. మంచి ప్లేయర్ బంతి దగ్గరకు జారుతూనే షాట్ కొడుతుంది. కొట్టాక జారితే, తర్వాతి బంతికి ఆలస్యమైపోతుంది. ఎవరు ఎక్కువసార్లు ఆలస్యమవుతున్నారో లెక్కపెట్టి నాకు రాయండి.

మీ తాతయ్య