కరెంటు పెట్టడంలో (క్యాన్సర్‌కు రేడియేషన్ చికిత్సలో) ఏఐ: అపోహలు - వాస్తవాలు

అపోహ: "ప్లానంతా కంప్యూటరే వేసేస్తుందట, డాక్టరు చూడరట."

రేడియేషన్ ఇచ్చేటప్పుడు తల కదలకుండా పట్టి ఉంచే మాస్కు చేయించుకున్నాక కూడా చాలామందిని పట్టి పీడించే భయం ఇది. భయపడటంలో తప్పులేదు. ఈ పుకారు పుట్టించేవాళ్ల మీదే కోపం వస్తుంది.

వాస్తవం: సాఫ్ట్‌వేర్ గీసేది చిత్తుప్రతి. 3 మిల్లీమీటర్లకొకటి చొప్పున వచ్చిన సిటీ స్కాన్ స్లైసుల మీద, రేడియేషన్ నుంచి కాపాడాల్సిన వెన్నుపాము, మెదడుకాండం, రెండు పరోటిడ్లు (చెవుల ముందుండే లాలాజల గ్రంథులు), దవడ ఎముక, అన్నిటి అంచులూ గీయాలి. తల, మెడ కేసును చేత్తో గీస్తే రెండు మూడు గంటలు. ఏఐ మోడల్‌కు కొన్ని నిమిషాలు చాలు. గడ్డ ఎక్కడిదాకా పాకింది, ఎన్ని గ్రేలు (రేడియేషన్ మోతాదు కొలత) ఇవ్వాలి అన్నది మాత్రం ఆంకాలజిస్టే రాస్తారు.

మోడల్ ఎక్కడ తడబడుతుందో రేడియేషన్ విభాగంలో పనిచేసే మాకు తెలుసు, ముందు అక్కడే వెతుకుతాం. పంటికి లోహపు ఫిల్లింగు ఉంటే సిటీలో చారలు పడి, పరోటిడ్ అంచు పక్కకు జారుతుంది. బుగ్గ క్యాన్సర్ ఆపరేషన్‌లో తొడ కండ తెచ్చి అతికించిన చోట తికమకపడుతుంది, అది నేర్చుకున్న స్కానుల్లో అలాంటివి తక్కువ కాబట్టి. కళ్ల నరాలు కలిసే కయాజం సిటీలో సరిగా ఆనదు, ఎంఆర్ఐ కలిపి చేత్తో దిద్దాలి. అన్నిటికంటే ప్రమాదం, వెన్నుపాము గీత కింది స్లైసుల్లో తెగిపోవడం. గీత లేనిచోట ప్లానింగ్ సాఫ్ట్‌వేర్ లెక్కలో వెన్నుపామే లేదు, మనం పెట్టిన 45 గ్రేల హద్దు అక్కడ వర్తించదు. అందుకే స్లైసు స్లైసూ తిప్పి, పక్కనుంచి కనిపించే బొమ్మలోనూ ఆ గీతను పైనుంచి కిందిదాకా చూస్తాం. డాక్టరు సంతకమయ్యాక ఫిజిసిస్టు ప్లానును మెషీన్ మీద ఫాంటమ్‌లో (పేషెంటుకు బదులు పెట్టే నమూనాలో) కొలుస్తారు. లెక్కవేసిన డోసూ, కొలిచిన డోసూ సరిపోలాయా అని చూసే 3 శాతం, 2 మిల్లీమీటర్ల తేడా హద్దు ఉన్న గామా పరీక్షలో కనీసం 95 శాతం బిందువులు కుదరాలి. కుదరకపోతే కారణం తేలేదాకా పేషెంటును బల్లమీదికి ఎక్కించం.

అపోహ: "ఏఐ ఉంటే సిట్టింగులు తగ్గుతాయి."

తగ్గవు. 70 గ్రేలు 35 సిట్టింగుల్లో అని రాస్తే 35 రావాల్సిందే.

అపోహ: "మధ్యలోనైనా ఏఐ ఉన్న ఆసుపత్రికి మారిపోవడం మేలు."

మారితే మాస్కు, సిటీ, ప్లాను అన్నీ మళ్లీ మొదటికొస్తాయి. ఆ ఖాళీ రోజుల్లో తల, మెడ క్యాన్సర్ కణాలు మళ్లీ పుంజుకుంటాయి. పండక్కి ఊరెళ్లి వారం మానేసినా అంతే. ఒక్క సిట్టింగు తప్పినా అదే రోజు డాక్టరుకు చెప్పండి. శనివారం అదనంగా పెట్టో, ఒకే రోజు కనీసం 6 గంటల ఎడంతో రెండు ఇచ్చో సర్దే వీలుంటుంది.