445 రోజుల ఏడాది

క్రీ.పూ. 46 ఏప్రిల్ 6న ఉత్తర ఆఫ్రికాలోని థాప్సస్ దగ్గర జూలియస్ సీజర్ తన ప్రత్యర్థులను చిత్తుగా ఓడించాడు. తేదీ ఏప్రిలే గానీ, సూర్యుడి లెక్కన అది ఫిబ్రవరి ఆరంభం. ఆ ఏడాది అప్పటికే 23 రోజులు అదనంగా కలిపినా రోమ్ క్యాలెండర్ ఋతువులకంటే ఇంకా రెండు నెలలు ముందే ఉంది.

పాత రోమన్ ఏడాదికి 355 రోజులే. సూర్యుడితో వచ్చే తేడాను సర్దడానికి ఏడాది విడిచి ఏడాది ఫిబ్రవరి చివర్లో 22 లేదా 23 రోజులు కలపాలి. ఒకరకంగా మన అధికమాసం లాంటిదే. కాకపోతే మనకు సంక్రమణం లేని చాంద్రమాసమే అధికమాసం. ఎవరి ఇష్టాయిష్టాలతోనూ దానికి పని లేదు. రోమ్‌లో మాత్రం ఆ నిర్ణయం పురోహిత మండలిది, ఆ పురోహితులేమో రాజకీయ నాయకులు! పదవీకాలం ఏడాది కాబట్టి, కావలసినవాడు పదవిలో ఉంటే ఏడాదిని సాగదీయొచ్చు, కానివాడుంటే తొందరగా ముగించేయొచ్చు.

క్రీ.పూ. 51లో సిలీషియాకు (నేటి టర్కీలోని రోమన్ రాష్ట్రం) గవర్నరుగా వెళ్లిన రోమన్ రాజకీయ నాయకుడు, వక్త సిసిరోకు అక్కడ ఒక్క రోజు ఎక్కువ ఉండటం కూడా ఇష్టం లేదు. ఈసారి అదనపు రోజులు కలపకుండా చూడమని మిత్రుడు అట్టికస్‌కు ఉత్తరాలు రాశాడు. ఏడాది ఎంత పొడవుంటుందో ముందుగా తెలియనప్పుడు ఆ టెన్షన్ సహజమే.

ఇంతకీ క్రీ.పూ. 63 నుంచి ప్రధాన పురోహితుడు ఎవరు? సీజరే. ఏళ్ల తరబడి గాల్ (దాదాపు నేటి ఫ్రాన్స్) యుద్ధాల్లో, తర్వాత అంతర్యుద్ధంలో మునిగిపోవడంతో కలపాల్సిన రోజులు చాలాసార్లు కలపనేలేదు. ఈ గందరగోళంలో ఆయన వాటా కూడా ఉంది, కానీ చరిత్రలో మిగిలింది దిద్దినవాడన్న పేరే.

థాప్సస్ తర్వాత రోమ్‌కు వచ్చి నాలుగు విజయోత్సవాలు జరిపాడు. ఓడిన గాల్ నాయకుడు వెర్సింజెటోరిక్స్‌ను ఊరేగించి చంపించాడు. రోమ్ జనం జిరాఫీని మొదటిసారి చూసింది కూడా అప్పుడే. ఆ ఏడాదే నవంబరుకీ డిసెంబరుకీ మధ్య రెండు కొత్త నెలలు, మొత్తం 67 రోజులు దూర్చాడు. 355కు 23, ఆపై 67 కలిపితే 445.

క్రీ.పూ. 45 జనవరి 1 నుంచి ఏడాదికి 365 రోజులు, నాలుగేళ్లకోసారి ఒకరోజు అదనం. లెక్కలో సాయపడింది సొసిజెనీస్ అనే ఖగోళవేత్త. రేపు లైరా నక్షత్రమండలం ఉదయిస్తుందని ఎవరో అంటే, అవును, సీజర్ ఉత్తర్వు ప్రకారమే అని సిసిరో ఎత్తిపొడిచాడట. గ్రీకు రచయిత ప్లూటార్క్ రాసిన ముచ్చట ఇది.

సీజర్ హత్య తర్వాత పురోహితులు మళ్లీ తప్పు చేశారు. నాలుగేళ్లకోసారి అంటే మొదటి ఏడాదిని కూడా కలిపి లెక్కపెట్టి, మూడేళ్లకే లీపు రోజు వేస్తూ పోయారు. 36 ఏళ్లలో 9 పడాల్సినచోట 12 పడ్డాయి. చివరికి రోమ్ చక్రవర్తి ఆగస్టస్ కొన్నేళ్లపాటు లీపు రోజులే వద్దని ఆపించి, ఆ మూడు రోజులనూ సరిచేయించాడు.