తాడు పట్టి లాగితే గానీ కదలని కుక్కలు

"రెండోసారీ పరీక్ష పోయింది. అందరూ పాజిటివ్‌గా ఉండు అంటున్నారు. ఎలా ఉండాలో మాత్రం ఎవరూ చెప్పరు" అని ఒక పాఠకుడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. నాకైతే దీనికి జవాబు కుక్కల దగ్గర మొదలవుతుంది.

1967లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ అనే మనస్తత్వ పరిశోధకులు కుక్కలకు షాక్ ఇచ్చి చూశారు (చదవడానికే బాధగా ఉంటుంది, నిజమే). కొన్ని కుక్కలు పక్కనున్న పలకను తలతో నొక్కితే షాక్ ఆగిపోయేది. ఇంకొన్నిటికీ అంతే షాక్, కానీ వాటి పలక ఉత్తుత్తిదే. మర్నాడు అన్నిటినీ మధ్యలో చిన్న అడ్డు ఉన్న పెట్టెలో వదిలారు. అడ్డు దూకితే చాలు, షాక్ ఉండదు. మొదటి రకం దూకేశాయి. రెండో రకంలో చాలావరకు కాసేపు గింజుకుని, పడుకుని మూలుగుతూ భరించాయి. దీనికి 'నేర్చుకున్న నిస్సహాయత' అని పేరు పెట్టారు. ఆ పేరు పాఠ్యపుస్తకాలకెక్కి, తరాల తరబడి విద్యార్థులు బట్టీ పట్టారు.

2016లో ఆ ఇద్దరే 'మేం తిరగేసి చెప్పాం' అన్నారు! సొంత సిద్ధాంతం తప్పని చెప్పడానికి గుండె ధైర్యం కావాలి. నిస్సహాయత ఎవరూ నేర్చుకునేది కాదట, కష్టం ఎడతెగకుండా సాగితే మెదడు దానంతటదే అలా చతికిలబడుతుందట. నేర్చుకోవాల్సింది 'ఇది నా చేతిలో ఉంది' అన్న సంగతి.

ఇదంతా బయటపడింది ఎలుకల మెదళ్ళలో. మెదడు కాండంలో డోర్సల్ రాఫే అనే కణాల గుంపు ఉంది. బాధ ఆగకపోతే అది రెచ్చిపోయి సెరొటోనిన్ అనే రసాయనాన్ని కుమ్మరిస్తుంది. ఎలుక బిగుసుకుపోతుంది. (సెరొటోనిన్ అంటే 'సంతోషం హార్మోన్' అని చెప్పేవాళ్ళు ఇక్కడ కాస్త ఆగాలి.) నుదుటి వెనకున్న ప్రీఫ్రంటల్ కార్టెక్స్ మాత్రం 'నేను చేసిన పనికే బాధ ఆగింది' అని పసిగడితే, రాఫేకి నోరు మూసుకోమని కబురు పంపుతుంది.

మేయర్ బృందం ఆ కార్టెక్స్‌ని మందుతో నిద్రపుచ్చింది. కుక్కలకు పలక ఉన్నట్టే, ఎలుకకు షాక్ ఆపడానికి ఒక చక్రం ఉంది. ఎలుక మామూలుగానే దాన్ని తిప్పింది, షాక్ ఆపింది. అయినా తర్వాత చతికిలబడింది! పని చేసింది, ఫలితం వచ్చింది, కానీ కబురే అందలేదు. ఇంకో మందుతో అదే చోటును తట్టిలేపితే, ఏ అదుపూ దొరకని ఎలుక కూడా దొరికినట్టే ప్రవర్తించింది. ముందోసారి అదుపు రుచి చూసిన ఎలుకలు వారం తర్వాత ఆపలేని షాక్ తగిలినా కుంగిపోలేదు.

టైం బాగాలేదని కూర్చుంటే ఆ కబురు ఎక్కణ్ణుంచి వస్తుంది? 'ధైర్యంగా ఉండు' అన్న మాటలోనూ లేదు. ఎలుకల నుంచి మనుషులకు దూకడం పెద్ద గంతే, అది నా సొంత పూచీ మీద వేస్తున్నాను. పోయిన పరీక్ష ఇప్పుడు మీ చేతిలో లేదు. తప్పు పోయిన ఒక్క లెక్క ఉంది. దాన్ని మళ్ళీ చేసి, జవాబు సరిపోయిందో లేదో మీరే చూసుకోండి.

అన్నట్టు, ఆ కుక్కల్ని ఎలా బాగుచేశారో చెప్పనేలేదు. అడ్డుకి అవతల తిండి పెట్టి పిలిచారు, కదల్లేదు. చివరికి మెడకు తాడు కట్టి అటూ ఇటూ ఈడ్చారు, మళ్ళీ మళ్ళీ. మొదట్లో మొత్తం బరువు లాగాల్సి వచ్చింది. పోనుపోను లాగే బలం తగ్గింది. ఆ తర్వాత తాడు బిగించకముందే దూకడం మొదలుపెట్టాయి.